గొలుసు లేని సైకిలు

"ఫోటో కాగితం పొట్లాన్ని తెల్లదీపం కింద విప్పేవాడు ఫోటోగ్రాఫర్ కాదు," అంది కమలవేణి. "వెలుతురు సోకితే కాగితం చెడిపోతుంది. చూడు, పొట్లం బార్లా తెరిచి ఉంది. పై కాగితం అప్పుడే వంకాయ రంగుకు తిరిగిపోయింది."

ఇన్‌స్పెక్టర్ కలైయరసన్ వాచీ చూసుకున్నాడు. ధర్మపురిలోని ఆ స్టూడియో చీకటిగదిలో అతను చూసిన వస్తువు అదొక్కటే.

"దీపం మా కానిస్టేబుల్ వేసి ఉంటాడు మేడమ్," అన్నాడు తమిళంలో.

"కాదు. పాలు పోసే పొన్నుత్తాయి తెల్లవారుతుండగా తలుపు తోసి చూసింది. అప్పటికే తెల్లదీపం వెలుగుతోంది. మీకు ఫోన్ చేసింది కూడా ఆవిడే. ఎర్రదీపం కింద పని చేసుకుంటూ నిచ్చెన మీంచి పడిపోయిన మనిషి, ప్రాణం పోయాక లేచి తెల్లదీపం వేశాడా?"

కలైయరసన్ ముఖం మాడ్చుకున్నాడు. ఒకప్పుడు సేలం వేలిముద్రల విభాగంలో ఈవిడ దగ్గరే అతను పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆవిడ రిటైరైంది, అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. అయినా ఆవిడ ఇంకా 'నువ్వు' అనే పిలుస్తుంది. అతని ఒళ్లు మండేది సగం అందుకే.

"మేడమ్, మీరు రిటైరయ్యారు. ఈ కేసు కూడా రిటైరైంది. ముసలాయన అటక మీది డబ్బా కోసం నిచ్చెనెక్కాడు, జారాడు, తల బల్లకు కొట్టుకుంది. దానికింత రామాయణం ఎందుకు?"

కమలవేణి నేల మీదికి వంగింది. ట్రే ఒకటి బోర్లాపడి, అందులోని ఫోటోలు కడిగే హైపో మందునీళ్లు గచ్చంతా పారి ఎండిపోయాయి. ఎండినచోట తెల్లగా ఉప్పు పేరినట్టు పేరుకుంది. ఆ తెలుపు మధ్యలో చెప్పు ముద్ర ఒకటి అచ్చు గుద్దినట్టు పడి ఉంది.

"ఇది?"

"మా కానిస్టేబుల్ కాలు."

"మీ కానిస్టేబుల్ బూట్లేసుకుంటాడు. గోపాలకృష్ణన్ ఈ గదిలోకి చెప్పులతో రాడు. ఆయన చెప్పులు ఇంకా గుమ్మం బయటే ఉన్నాయి, వెళ్లేటప్పుడు చూడు."

కలైయరసన్ చేతులు దులుపుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, తల వంచి ఆ చెప్పులకేసి చూశాడు. చూసి, చూడనట్టే వెళ్లిపోయాడు.

స్టూడియో గోపాలకృష్ణన్ చావుకు ముందురోజు సాయంత్రం గోపమ్మ అనే ఆవిడకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాడు. "మీ అమ్మ నిన్ను విడిచి పోలేదమ్మా. నెగటివు దొరికింది. పొద్దున రా, తిన్నగా ప్రింటు ఏసి చేతికిస్తా." పొద్దునకు ఆయనే లేడు. నెగటివూ లేదు. గోపమ్మ ఏడుస్తూ కమలవేణి ఇంటి తలుపు తట్టింది. వట్టి చేతులతో రాలేదు. రేకుపెట్టెలో బతుకంతా దాచుకున్న ఒక ఫోటో కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

అది గోపాలకృష్ణన్ తండ్రి వేసిన కాంటాక్ట్ షీట్. ఫిలిం రీలును మూడేసి బొమ్మల ముక్కలుగా కత్తిరించి, ముక్కల్ని వరసగా కాగితం మీద పరిచి, ఉన్న సైజులోనే ఒక్కసారిగా ముద్రిస్తారు. నాలుగు వరసలు, పన్నెండు గళ్లు. పంతొమ్మిదివందల యాభైనాలుగులో ఒక సంతరోజు ఆ పెద్దాయన మెడలో కెమెరా తగిలించుకుని స్టూడియో మెట్ల మీద నిలబడి, వీధిలో కంటికి నచ్చినదల్లా తీశాడు. ఎదురుగా గోడౌను తెల్లగోడ. మెట్ల మీద నిలబడితే కుడిచేతి వైపు మొరప్పూరు దారి, అంటే రైలు స్టేషను. ఎడమచేతి వైపు పెన్నాగరం దారి, అంటే గోపమ్మ వాళ్ల ఏరియూరు.

మూడో వరసలో గోపమ్మ తల్లి చిన్నతాయి ఉంది. ఎవడిదో సైకిలెక్కి కుడి వైపుకు, మొరప్పూరు వైపుకు పోతోంది. ఆ రోజు తర్వాత ఆమెను చూసినవాళ్లు లేరు. అప్పటికి గోపమ్మ నాలుగేళ్ల పిల్ల.

*

గోపమ్మ ఉండేది ధర్మపురిలోనే, తండ్రి తమ్ముడు సీనప్ప ఇంట్లో, వెనకవైపు చిన్నగదిలో. కమలవేణి మధ్యాహ్నం ఆ ఇంటి మెట్లెక్కుతూ టక్కున ఆగింది. మెట్ల మీద ఖరీదైన తోలు చెప్పుల జత. వాటి అంచుల చుట్టూ తెల్లగా, ఉప్పు పేరినట్టు ఉంది. వంగి వేలితో గీకి వాసన చూసింది. హైపో వాసనే. పైకి మాత్రం ముఖం మామూలుగా పెట్టుకుని లోపలికి నడిచింది.

సీనప్పకు తొంభై దగ్గరపడింది. తెల్లటి జుబ్బా, ఎడమ చెవిలో వినికిడి మిషను. మనవడు యువనేశ్ కుర్చీ వెనక నిలబడ్డాడు. గోపమ్మ వంటింటి గడప మీద ఒదిగి కూర్చుంది, ఆ ఇంట్లో అదే తన చోటన్నట్టు.

"రామ్మా, కూర్చో," అన్నాడు సీనప్ప. "మన తెలుగోళ్ల బిడ్డవంట కదా. యా ఊరు మీది?"

"ఈ ఊరే పెద్దాయనా. మా నాయనది పాత్రల అంగడి."

తన నోట్లోంచి వచ్చిన తెలుగు తనకే కొత్తగా వినబడింది కమలవేణికి. వీధిలో తమిళం, ఆఫీసులో తమిళం, తెలుగు ఇంట్లోనే. ఆ ఇంట్లో అమ్మ పోయినప్పటి నుంచి మాట్లాడేందుకు మనిషే లేదు. గోపమ్మ తలుపు తట్టి "అమ్మణ్ణీ" అని పిలిచినప్పుడు, కేసు సంగతి తర్వాత, ముందు ఆ పిలుపుకే కమలవేణికి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఆ సంతనాడు మీరు యాడ ఉండినారు పెద్దాయనా?"

"ఏరియూరులోనే. చెరుకు గానుగ కాడ. టౌను మొగమే చూడలే."

"సైకిలు తొక్కినోడు ఎవరు?"

"ఎవడో పరాయోడు. మొరప్పూరుకు తీసకపోయి రైలెక్కించినాడు. మా అన్న పోయి సంవత్సరం కూడా తిరగలే అప్పటికి. వదిన తన బిడ్డకు భూమిలో భాగం కావాలని రచ్చ చేసింది. ఇస్తామనే అన్నాడు మా నాయన. ఇచ్చేలోపల ఇట్ల చేసె."

"ఆ భాగం ఎవరికి పోయింది?"

"ఇంట్లోనే ఉండాది. బిడ్డను మేమే సాకినాము కదా." ఆయన గోపమ్మకేసి చూడనైనా చూడలేదు.

"ఫోటో మీ చేతికి ఎట్ల వచ్చె?"

"మా నాయన తెచ్చినాడు. స్టూడియో ఉండే కట్టడం మాదే కదా, అప్పుడు ఆ ఫోటోగ్రాఫరు మాకు బాడుగకు ఉండినాడు. ఊరి పెద్దలందరికీ చూపించినాడు నాయన. పోలీసోళ్లకు కూడా."

"ఆమె మీ వదినేనని అందరూ ఒప్పుకున్నారా?"

సీనప్ప నవ్వాడు. "ఒప్పుకోకుండా? ఒక్కటే గొడవ వచ్చె. మా ఇంటి ఆడోళ్లకు కుడి పైటమ్మా. మా వంశంలో అట్లే. ఊరంతా ఎడమ భుజం మింద ఏసుకుంటే మావోళ్లు కుడి భుజం మింద ఏసుకుంటారు. ఫోటోలో చూస్తే ఎడమ పైట! అప్పుడు మా అమ్మ చెప్పింది, యా ఇంటిదో తెలీకుండా పైట మార్చుకోని పోయింది ముండ అని. ఇంక ఎవరూ నోరెత్తలే."

"అదే పేరు నాకు," అంది గోపమ్మ గడప మీదినుంచి, మెల్లగా. ఆవిడ చీర కొంగు కుడి భుజం మీదే ఉంది. "బళ్లో చేరినప్పట్నుంచి. పైట మార్చినదాని కూతురు. పెండ్లి సంబంధాలు కూడా ఆ మాటతోనే తిరిగిపోయె."

చెవి మిషను కుయ్‌మంటే యువనేశ్ వంగి బ్యాటరీ మార్చబోయాడు. మిషను తీసినప్పుడు ఎడమ చెవి తమ్మెకు పాత కుట్టు కనబడింది, బాగా సాగిపోయి. కుడి చెవి మాత్రం నున్నగా ఉంది.

"ఒక్క చెవే కుట్టించినారే?" అంది కమలవేణి, మిషను మళ్లీ పెట్టాక, కబుర్లలో పడ్డట్టు.

"అన్న తర్వాత పుట్టినోళ్లు ముగ్గురు నిలవలేదంట. నేను పుట్టినాక మా అమ్మ మొక్కుకోని ఎడమ చెవి ఒకటే కుట్టించి కమ్మి ఏసింది. పెండ్లయ్యేదాకా తీయలే."

గడప మీద గోపమ్మ తలెత్తింది.

"ఇంక చాలు ఆంటీ, తాతకు రెస్ట్ కావాల," అన్నాడు యువనేశ్. "ఇంకేమన్నా ఉంటే నాకు కాల్ చేయండి."

లేస్తూ లేస్తూ కమలవేణి ఒక మాట అనేసింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. "మెట్ల మింద ఉండే చెప్పులు నీవేనా నాయనా? బాగుండాయి."

"ఆమా, నావే. ఎందుకు?"

"ఊరికే అడిగినా."

ఆమె గేటు దాటేసరికి మెట్ల మీద ఆ చెప్పులు లేవు. గోపమ్మ గేటు దాకా వచ్చింది.

"అక్కా, నాతో వచ్చెయ్యి. మా ఇంట్లో ఉండు," అని కమలవేణి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకమ్మణ్ణీ? నాకు యా ఇల్లయినా ఒకటే. మా అమ్మ నన్ను వద్దనుకోని పోయిందా, లేదా? ఆ ఒక్క మాట తేల్చి చెప్పు. అది తెలీకుండా చచ్చిపోతానేమో అని భయం, అంతే."

పట్టుకున్న చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లిపోయింది గోపమ్మ. కమలవేణి అక్కణ్నుంచే కలైయరసన్‌కు ఫోన్ చేసి చెప్పుల సంగతి చెప్పింది. అతను విని, సున్నం తొక్కి ఉంటాడులెండి అన్నాడు.

*

పొద్దు వాలుతుండగా కమలవేణి తన ఇంట్లో కాంటాక్ట్ షీట్ ముందు కూర్చుంది. భూతద్దం కంటికి ఆనించి మొదటి గడి నుంచి మొదలుపెట్టింది. కేసు సంగతి అలా ఉంచితే, అబ్బ, ఎంత బాగా తీశాడు మహానుభావుడు! రెండో గడిలో అరటిగెలల వాడు గెలల మధ్య కూర్చుని నిద్రపోతున్నాడు. మూడో గడిలో ఒక ముసలమ్మ బేరం కుదరక, తిట్టడానికి నోరు తెరిచింది. అయిదో గడిలో మంగలి ఒక కుర్రవాడి తల వంచి పట్టుకున్నాడు, ఆ కుర్రవాడి కళ్లు మాత్రం మిఠాయి బండి మీదున్నాయి. బొటనవేలంత జాగాలో ఇంతమంది జనం. వీళ్లలో ఒక్కరైనా ఇప్పుడు బతికున్నారో లేదో. ఈ ఇంట్లో ఇంతమందిని ఒక్కసారి చూసి ఎన్నాళ్లయిందో కమలవేణికి గుర్తు రాలేదు. పేర్లు తెలియని ఆ జనంతో కాసేపు కూర్చోవడం ఆమెకు హాయిగానూ ఉంది, ఏడుపూ వస్తోంది.

మూడో వరసకు వచ్చింది. ఏడో గడిలో చిన్నతాయి గోడవారన ఒంటరిగా నిలబడి ఉంది, చేతిలో మూట. ఎనిమిదో గడిలో సైకిలువాడు వచ్చి ఆగాడు, వీపు కనిపిస్తోంది. తొమ్మిదో గడిలో ఆమె వెనక క్యారియర్ మీద పక్కకు కూర్చుంది, తల వంచుకుని. అతను కుడి వైపుకు తొక్కుతూ గోడకేసి ముఖం తిప్పుకున్నాడు. కనిపించేది ఒక చెవి. ఆ చెవికి కమ్మి.

తలుపు దబదబా బాదారు. కలైయరసన్.

"ఏమనుకుంటున్నారు మేడమ్ మీరు? పెద్దమనుషుల ఇంటికి వెళ్లి చెప్పుల లెక్క అడుగుతారా? ఆ యువనేశ్ మా పైవాళ్లకు ఫోన్ చేశాడు. నా ఉద్యోగం ఊడగొడతారా?"

"అరవకు. ఇలా వచ్చి చూడు. ఈ సైకిలు ఎటు పోతోంది?"

"కుడివైపుకు. చిన్నపిల్లాడు కూడా చెబుతాడు."

"గొలుసేది?"

"ఏ గొలుసు?"

"సైకిలు గొలుసు ఎప్పుడూ కుడి పక్కనే ఉంటుంది. మా నాన్న సైకిలెక్కి నా పావడాలన్నీ ఆ పక్కనే నల్లగా చేసుకున్నదాన్ని, నాకు తెలుసు. కుడికి పోయే సైకిలును ఇటునుంచి చూస్తే పళ్లచక్రం, గొలుసు మనవైపే ఉండాలి. ఇక్కడ లేవు."

కలైయరసన్ భూతద్దం లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇంకొకటి చూడు. మిగతా మూడు వరసలకు అంచుల్లో ఫిలిం మీది నంబర్లు, అక్షరాలు పడ్డాయి. ఈ ఒక్క వరసకు బొమ్మల్ని విడివిడిగా కోసి, అంచులు తీసేసి ముద్రించారు. ఎందుకు? అక్షరాలు తిరగబడి పడితే మోసం బయటపడుతుంది కాబట్టి. ఈ బొమ్మల్ని ఒక్కొక్కటీ బోర్లా పెట్టి ప్రింటు వేశారు కలై. ఎడమ కుడి అయింది, కుడి ఎడమ అయింది."

ఆమె షీటును అద్దం బీరువా ముందు పట్టుకుంది. ఇద్దరూ అద్దంలోకి చూశారు. అద్దంలో సైకిలు ఎడమకు తిరిగింది. మొరప్పూరుకు కాదు, పెన్నాగరం దారికి. ఏరియూరుకు. ఇంటికి. క్యారియర్ మీద కూర్చున్న చిన్నతాయి కొంగు కుడి భుజం మీదికి వచ్చేసింది. తొక్కేవాడి కమ్మి ఎడమ చెవికి మారింది.

"మగవాళ్లు కదా, తమ ఇంటి ఆడవాళ్ల పైట ఏ భుజం మీదుందో ముందు చూసుకోలేదు," అంది కమలవేణి. "తప్పు బయటపడితే, ఆ తప్పును కూడా ఆవిడ నెత్తినే రుద్దారు. కట్టడం బాడుగకిచ్చినవాడు, ఆ సీనప్ప తండ్రి, చెప్పినట్టు ఫోటోగ్రాఫరు చేశాడు. పాపం, నెగటివు మాత్రం పారెయ్యలేకపోయాడు. కొడుక్కి అది దొరికింది. తిన్నగా ప్రింటు వేసి ఇస్తానని అతను గోపమ్మకు ఆ ఇంటికే ఫోన్ చేశాడు. అది విని చంపేశారు."

"సైకిలు తొక్కిందెవరు?"

"ఎడమ చెవి ఒక్కటే కుట్టించుకున్నవాడు. సీనప్ప. వదినను ఇంటికి తీసుకుపోతానని ఎక్కించుకున్నాడు. ఆవిడ ఇల్లు చేరలేదు."

కలైయరసన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె మళ్లీ భూతద్దం వంచింది. తొమ్మిదో గడిలో చిన్నతాయి చేతి దగ్గర గుండ్రటి మసక ఒకటుంది. ఇన్నాళ్లూ అది ఫిలిం మీది మచ్చ అనే అనుకున్నారు అందరూ. మచ్చ కాదు. మచ్చ కింద సన్నటి పుల్ల ఉంది, ఆ పుల్ల చిన్నతాయి పిడికిట్లో ఉంది. అయ్యో! కాగితం గాలిచక్రం. సంతలో పిల్లలకు కొనేది. సైకిలు కదిలేసరికి గాలికి తిరిగింది.

కమలవేణి గోపమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అటువైపు బండి ఇంజను హోరు.

"అక్కా, యాడ ఉండావు?"

"బండిలో. చిన్నాయన నా పక్కనే ఉండాడు. యువనేశ్ తోలతా ఉండాడు. పెన్నాగరం దాటినాము. ఏరియూరు పోతా ఉండాము."

"ఎందుకక్కా?"

"అమ్మ యాడుందో చూపిస్తానన్నాడు."

కమలవేణి ఫోన్ నోటి దగ్గరకు లాక్కుంది. "దిగిపో అక్కా. యాడైనా బండి ఆపించి దిగిపో. ఆ సైకిలు తొక్కింది..."

"తెలుసమ్మణ్ణీ. నువ్వు చెవి సంగతి అడిగినప్పుడే తెలిసిపోయె. నేనేమన్నా పిచ్చిదాన్నా?"

"తెలిసి ఎందుకెక్కినావు?"

"అమ్మ యాడుందో తెలిసినోడు ఇంకెవరుండారు చెప్పు?"

కలైయరసన్‌కు ఒక్క ముక్క తెలుగు అర్థం కాలేదు. కానీ కమలవేణి ముఖం చూసి టోపీ అందుకున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ చెప్పింది.

"అక్కా, విను. మీ అమ్మ నిన్ను విడిచి పోలే. ఇంటికే వస్తా ఉండింది. నీకని గాలిచక్రం కొనుక్కోని, చేత పట్టుకోని వస్తా ఉండింది. ఫోటోలో ఉండాది. నేను కండ్లారా చూసినా."

ఇంజను చప్పుడు మీంచి గోపమ్మ గొంతు వినబడింది. ఆ గొంతులో డెబ్బైయ్యేళ్లు లేవు, నాలుగేళ్లే ఉన్నాయి.

"యా రంగుది?"

"తెలీదక్కా. ఫోటోలో రంగు లేదు కదా."

"చిన్నాయన చూసింటాడులే. అడుగుతా." ఫోను పక్కకు తిప్పినట్టు శబ్దం. "చిన్నాయనా, ఆ పొద్దు మా అమ్మ చేతిలో గాలిచక్రం ఉండె కదా. అది యా రంగుది?"

గట్టిగా బ్రేకు వేసిన చప్పుడైంది. తర్వాత కారు తలుపు తెరుచుకున్న శబ్దం. ఫోన్ ఆగిపోయింది.

"ఏమైంది మేడమ్?" అన్నాడు కలైయరసన్. "ఆవిడ ఏమడిగింది?"

కమలవేణి అప్పటికే గడప దాటేసింది, చెప్పులు కూడా వేసుకోకుండా.

"రంగు అడిగింది," అంది. "జీపు తియ్యి."